మెట్ల కింద వాచీల కొట్టు

తెనాలిలో మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చున్న వ్యాపారి ఎవరైనా ఉన్నారంటే మా వాచీల పెదనాన్న ఒక్కడే. గాంధీచౌక్ నుంచి రెండు సందుల అవతల, ఒక బట్టల కొట్టు మేడ మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే జాగాలో ఉండేది ఆయన కొట్టు. ఫ్యాను కోసమని ఎవరో ఎప్పుడో పైన కొక్కెం బిగించారు. దానికి కేలెండరు వేలాడేది. "ఫ్యాను వేస్తే నేను చల్లగా ఉంటాను, స్క్రూ వెళ్ళి మురిక్కాలవలో చల్లగా ఉంటుంది" అనేవాడు. నుదుటికి తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు. తలనొప్పి అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. చెమట చుక్క జారి విప్పిన వాచీలో పడకుండా అది.

పెదనాన్న అన్నానే గానీ మాకు ఏ చుట్టరికమూ లేదు. మా ఇల్లు ఆ వెనక సందులో. మా నాన్న ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి మాకు పెదనాన్న. ఊళ్ళో మిగతా అందరికీ వాచీలాయన. తొంభై ఒక్క ఏళ్ళకి ఆయన పోయినప్పుడు సందు మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. దాని మీది పేరు చదివి "ఎవరండీ ఈయన?" అని అడిగినవాళ్ళని నేనే ఇద్దరు ముగ్గుర్ని చూశాను. తర్వాత ఫోటో వంక చూసి, "అయ్యో, మన వాచీలాయన!" అన్నారు.

ఆయన పుట్టింది 1930లో. పన్నెండో ఏట చదువు మాన్పించి ఒక రిపేరు మేస్త్రి దగ్గర పెట్టారు. అప్పట్లో గడియారమంటే గోడ గడియారం, కాస్త ఉన్నవాళ్ళకి జేబు గడియారం. చేతికి వాచీ కట్టేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. చేరిన రెండు నెలలకే 1942 ఆగస్టు 12 వచ్చింది. క్విట్ ఇండియా రోజులు. జనం రైల్వే స్టేషన్ తగలబెట్టారు, పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. ఇప్పుడు రణరంగచౌక్‌లో ఉన్న స్తూపాలు వాళ్ళవే. మా చిన్నప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఆ రోజు గురించి చెప్పుకోడానికి ఒక కథ ఉండేది. అందులో సగం మంది తామే ముందు వరసలో ఉన్నామని చెప్పేవాళ్ళు. పెదనాన్న కథ మాత్రం వేరు. చప్పుడు వినపడగానే మేస్త్రి కొట్టు చెక్కలు వేసేసి, ఈయన్ని బల్ల కిందికి తోసేశాడట.

"వణికిపోతూ నేల మీద చేతులు ఆన్చి కూర్చున్నాను. అరచేతికి ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే స్క్రూ. వారం క్రితం నేను పోగొట్టింది. దాని కోసం మేస్త్రి వారం రోజులుగా నన్ను తిట్టని తిట్టు లేదు. బయట కాల్పులు. నాకేమో స్క్రూ దొరికిందని సంతోషం. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుందిరా అబ్బాయ్."

ఈ మాట ఆయన నాకు చెప్పినప్పుడు ఆయనకి డెబ్భై దాటాయి.

ఆయన పొద్దు రేడియోతో మొదలయ్యేది. విజయవాడ కేంద్రం 6:45కి ప్రాంతీయ వార్తలు, ఆ వెనక అర్థం కాకపోయినా ఊరంతా వినే సంస్కృత వార్తలు, 7:05కి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. పెదనాన్నకి వార్తలతో పని లేదు, అవి మొదలయ్యే క్షణమే కావాలి. 7:05 కొట్టగానే తన వెస్ట్ ఎండ్ వాచీ సెకన్ల ముల్లు వంక ఒకసారి చూసుకుని, రేడియో కట్టేసేవాడు. వార్తలు వినవేం పెదనాన్నా అంటే, "ప్రధానమంత్రి మారితే ఎవరో ఒకళ్ళు చెబుతారు. అర నిమిషం మారితే ఎవరు చెబుతారు?" అనేవాడు. ఆ చేతి టైమునే తీసుకెళ్ళి కొట్లో గోడ గడియారానికి పెట్టేవాడు. రేపల్లె బండికి వెళ్ళేవాళ్ళు ఆ గోడ గడియారం చూసుకుని అడుగు వేగం పెంచడమో తగ్గించడమో చేసేవాళ్ళు.

సెలవల్లో నా మకాం అక్కడే. బల్ల ముందు అంచుకి ఒక తెల్ల గుడ్డ మేకులతో కొట్టి ఉండేది. కూర్చోగానే దాని రెండో కొస నడుముకి దోపుకునేవాడు. చేయి జారినది ఏదైనా ఆ గుడ్డలోనే పడాలి. విప్పిన భాగాల మీద గాజు గ్లాసు బోర్లించి ఉంచేవాడు. ఒక చిన్న గిన్నెలో పెట్రోలు, కడగడానికి. ఒక రబ్బరు బుడ్డి, గాలి ఊదడానికి. నోటితో ఊదనిచ్చేవాడు కాదు, ఉమ్మి తుంపర పడితే తుప్పు. హోమియోపతి మందుల సీసాలు రెండు అట్టపెట్టెల నిండా. వాటిల్లో స్ప్రింగులు, ముళ్ళు, కీలు, చక్రాలు. రాత్రి కొట్టు కట్టేముందు నేల ఊడ్చి, ఆ దుమ్ముని కంసాలి లాగా జల్లెడ పట్టేవాడు. కౌంటరు మీద మోచేతులు ఆనిస్తే మాత్రం ఎంత పెద్దమనిషినైనా "చెయ్యి తియ్యండి" అనేవాడు, "సార్" కూడా అనకుండా. ఈ ముక్కుసూటితనం వల్ల పోయిన బేరాలు తక్కువేమీ కాదు.

ఒకసారి తను కంటికి బిగించుకునే భూతద్దం, ఆ కంటి గ్లాసు నాకిచ్చి హెచ్.ఎం.టి. జనతా వాచీ లోపల చూడమన్నాడు. ఎంతసేపటికీ నాకు నా కనురెప్ప వెంట్రుకలే కనపడ్డాయి. ఆయన నా తల పట్టుకుని కొంచెం కిందికి వంచాడు. అప్పుడు కనిపించింది. ఒక చక్రం ముందుకి సగం తిరిగి, వెనక్కి సగం తిరిగి, మళ్ళీ ముందుకి. దాని మధ్యలో వెంట్రుక కన్నా సన్నటి చుట్ట స్ప్రింగు, ముడుచుకుంటూ విచ్చుకుంటూ. పక్కన ఎర్రటి చుక్కలు, దానిమ్మ గింజ పిండి అద్దినట్టు. అవే రాళ్ళు. "పదిహేడు రాళ్ళు" అని వాచీ మీద రాసి ఉండే మాటకి అర్థం ఆ రోజు తెలిసింది. "సెకనుకి అయిదు దెబ్బలు. రోజుకి నాలుగు లక్షల ముప్పై రెండు వేలు. మీ ఇంట్లో ఎవరైనా అంత పని చేస్తారా?" అన్నాడు. ఆ లెక్క ఇంటికెళ్ళి కాగితం మీద చేసి చూసుకున్నాను. సరిపోయింది.

నా వల్ల కూడా ఆయనకి ఒకసారి పని తగిలింది. నాన్న వాచీ ఉన్నట్టుండి రోజుకి అరగంట ముందుకు పరిగెత్తడం మొదలుపెట్టింది. కీ ఎక్కువిచ్చి పాడుచేశానని ఇంట్లో నాకు చీవాట్లు. తీసుకెళ్ళి ఇస్తే పెదనాన్న మూత కూడా తీయలేదు. డ్రాయరులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టాడు. దాని ముల్లు గిలగిల్లాడి పక్కకి తిరిగింది.

"రేడియో స్పీకరు మీద పెట్టావా?"

పెట్టాను. పాట వస్తుంటే వాచీ ఎగురుతుందేమో చూద్దామని. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు, ఈయనకెలా తెలిసింది? స్పీకరులో అయస్కాంతం ఉంటుందనీ, అది పట్టుకుంటే ఆ సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయనీ, చుట్ట పొట్టిదైతే చక్రం గబగబా ఊగుతుందనీ చెప్పాడు. రాగి తీగ చుట్టిన ఒక గుండ్రటి దిమ్మ తీసి, ప్లగ్గులో పెట్టి, వాచీని దాని బోలులోకి పోనిచ్చి, స్విచ్చి నొక్కిపట్టి, నెమ్మదిగా చెయ్యి చాచినంత దూరం వెనక్కి లాగాడు. అంతే. మళ్ళీ దిక్సూచి పెడితే ముల్లు కదల్లేదు. పనంతా ఒక్క నిమిషం. రెండు రూపాయలు తీసుకున్నాడు. నేను ఊరికే చేస్తాడనుకున్నాను. "నిమిషం పనికి రెండు రూపాయలా" అని గొణిగితే, "నిమిషానికి కాదు, కనుక్కున్నందుకు" అన్నాడు. ఇంట్లో మాత్రం, "పిల్లవాడి తప్పేమీ లేదు, శుభ్రంగా ఉన్న వాచీ కీ ఎక్కువిస్తే పాడవదు" అని నాన్నకి సగం నిజం చెప్పి నన్ను కాపాడాడు.

వెనక మూత తీస్తే చాలు, మనిషి ఏ ఊరో, ఏ పనివాడో చెప్పగలగడం ఆయన విద్యల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పసుప్పచ్చ పొడి కనిపిస్తే దుగ్గిరాల యార్డు మనిషి. పసుపు మూటలు ఎత్తీ దించీ ఆ పొడి కేసు సందుల్లోంచి లోపలికి పోయేది. తవుడు పేరుకుంటే రైసుమిల్లు. ఇసక రేణువులైతే కొల్లిపర అవతల కృష్ణ లంకల్లో వ్యవసాయం. నల్లటి జిడ్డు అయితే ప్రింటింగ్ ప్రెస్సు, తెనాలిలో వాటికి కొదవ లేదు. మొహానికి రాసుకునే పౌడరు కనిపిస్తే పెళ్ళికొడుకైనా కావాలి, నాటకాలవాడైనా కావాలి. పద్య నాటకాల వాళ్ళు కొందరు వేషానికి వెళ్ళేముందు వాచీ ఈయన దగ్గర వదిలి వెళ్ళేవాళ్ళు. కృష్ణుడి చేతికి వాచీ కనిపిస్తే మా ఊరి జనం రాయబారం సాగనిస్తారా మరి!

ఏడాదిలో రెండు సీజన్లు. మార్చిలో పదో తరగతి పరీక్షలకి ఆయిలింగులు. పెళ్ళిళ్ళ రోజుల్లో కొత్తల్లుడి వాచీలకి చైను కత్తిరింపులు. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టే కాలం అది. 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాక తన బతుకు బాగుపడిందని ఆయనే అనేవాడు. స్విస్సు వాచీకి ఒక్క చక్రం కావాలంటే మద్రాసు వెళ్ళాల్సి వచ్చేది. జనతా, పైలట్, కోహినూర్ వచ్చాక సామాను బెజవాడలోనే దొరికేది.

ఇక కార్డుల సంగతి.

రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళు ప్రతి కొట్టుకీ ఉంటారు. చీటీ వెనక "మూడు నెలలలో తీసుకొనని వాచీలకు బాధ్యత లేదు" అని అచ్చేసి ఉండేది. ఆ మాట ప్రెస్సువాడు వేశాడే గానీ ఈయన ఒక్కనాడూ పాటించలేదు. అలాంటివన్నీ ఒక సొరుగులో, ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి ఉండేవి. ఆదివారం పొద్దున ఆ సొరుగు బయటికి తీసి, అన్నిటికీ వరసగా కీ ఇచ్చేవాడు. కదలకుండా పడుంటే నూనె బంకలా గట్టిపడుతుందని. నలభై దాకా ఉండేవి. మొదటిదానికి ఇచ్చినప్పుడు ఏమీ వినపడేది కాదు. పది అయ్యేసరికి గుసగుసలాగా ఉండేది. నలభై పూర్తయ్యాక సొరుగు మీద చెవి పెడితే రేకు మీద సన్న తుంపర పడుతున్నట్టు ఉండేది. ఆయనతో పాటు కీ ఇవ్వడం నా ఆదివారం డ్యూటీ. "బిగుసుకున్నాక ఆపు, తర్వాత బలం చూపించకు" అని ప్రతి ఆదివారం చెప్పేవాడు.

1985 వేసవిలో, నాకు పదమూడేళ్ళప్పుడు, పోస్టుకార్డుల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. కార్డు 15 పైసలు. ఆయన దస్తూరి ఆయనకే అర్థమయ్యేది కాదు. నాచేత రాయించాడు. ఒక్కో కార్డుకీ ఒకే మాట: "అయ్యా, తమరు ఫలానా తేదీన ఇచ్చిన వాచీ రిపేరు పూర్తయి సిద్ధముగా నున్నది. చీటీ తెచ్చి, సొమ్ము చెల్లించి తీసుకొనిపోగలరు." "నున్నది" ఎందుకు, "ఉంది" అని రాస్తానంటే ఒప్పుకోలేదు. ఉంది అంటే బాకీ అడిగినట్టు ఉంటుందట, ఉన్నది అంటే మర్యాదట. కార్డుకి పావలా ఇస్తానన్నాడు, ఆఖరికి మొత్తం కలిపి ఒక సోడా, రెండు రూపాయలు ఇచ్చాడు. కొంతమంది వచ్చారు. వేమూరు నుంచి ఒకాయన, "మా నాన్నగారు కాలం చేశారు, ఆ వాచీ మాకు అక్కర్లేదు, మీరే ఉంచుకోండి" అని జవాబు రాశాడు. పెదనాన్న ఆ జవాబు కార్డుని మడిచి అదే వాచీ దారానికి కట్టి, వాచీని మళ్ళీ సొరుగులో పెట్టాడు. మీరే ఉంచుకోమన్నారుగా అంటే, "కొడుకు వద్దన్నాడు. మనవడు అడగొచ్చు" అన్నాడు.

తర్వాత నా చదువు గుంటూరుకి, ఉద్యోగం హైదరాబాదుకి మారింది. నేను పదో తరగతి రాసిన 1987లోనే టైటాన్ వాచీలు మార్కెట్లోకి వచ్చాయి. కీ ఇవ్వక్కర్లేదు, నెలకి నిమిషం కూడా తేడా రాదు. వాటి వెనక ఫుట్‌పాత్ మీద కిలోల్లెక్కన అమ్మినట్టు అమ్మే చవక వాచీలు. పెదనాన్న సెల్లులు మార్చడం నేర్చుకున్నాడు గానీ ఆ పనిని పనిగా ఒప్పుకోలేదు. "ఇది వాచీ కాదురా, ముళ్ళు తగిలించుకున్న టార్చిలైటు" అనేవాడు. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి ఆ సెల్లుల బేరం కూడా పోయింది. కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, కొట్టు మూసి వచ్చేయమని గొడవ. బట్టల కొట్టువాళ్ళు మాత్రం ఆ జాగాకి ఎన్నడూ అద్దె పెంచలేదు. ఎనభై దాటాక కూడా పొద్దున పదింటికి వచ్చి, తుండుగుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. చాలా రోజులు చేసే పని ఏమీ లేకపోయినా.

విచిత్రమేమిటంటే 2016లో హెచ్.ఎం.టి. వాచీల విభాగం మూసేస్తున్నారనే వార్త వచ్చాక ఆయనకి మళ్ళీ గిరాకీ మొదలైంది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కుర్రాళ్ళు కార్లేసుకుని వచ్చి ఆ మెట్ల కింద ఒంగుని నిలబడేవాళ్ళు. జనతా ఉందా, పైలట్ ఉందా అని. ఆన్‌లైన్లో కొన్న వాచీలు చూపించేవాళ్ళు, కొత్తగా పెయింటు కొట్టిన ఆకుపచ్చ, నారింజ రంగు డయళ్ళతో. "ముసలాడికి మీసం దిద్ది పెళ్ళిచూపులకి తెచ్చారు" అని నవ్వేవాడు. సామాను అమ్మేవాడు, బాగా లాభానికే అమ్మేవాడు. ఒక కుర్రాడు ఆ సొరుగులో నల్ల డయలు పైలట్ చూసి అయిదు వేలు ఇస్తానన్నాడు. నేను అక్కడే ఉన్నాను. "అది నాది కాదు బాబూ" అన్నాడు. ఎవరిదండీ అంటే దారానికి ఉన్న చీటీ చూపించాడు. దాని మీద 1981 అని ఉంది. కుర్రాడు నా వంక చూశాడు, ఈయన తమాషా చేస్తున్నాడా అన్నట్టు.

2018 సంక్రాంతికి వెళ్ళినప్పుడు మళ్ళీ కార్డుల కట్ట నా ముందు పెట్టాడు. ఇప్పుడు కార్డు 50 పైసలు. పోస్టాఫీసులో అడిగితే వింతగా చూశారట. నాకు నలభై ఆరేళ్ళు, ఆయనకి ఎనభై ఎనిమిది. అదే మాట, అదే "సిద్ధముగా నున్నది". పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో, పది కార్డులకే చెయ్యి లాగేసింది. ముప్పై దాకా రాశాను. చాలావరకు "చిరునామాదారు లేరు" అని తిరిగొచ్చాయి. కొన్ని అసలు ఎటు పోయాయో. ముగ్గురు మాత్రం వచ్చారు. అందులో ఇద్దరి సంగతి ఆయన ఫోన్లో చెప్పాడు.

మూడో మనిషి వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. కొల్లిపర నుంచి ఒక పెద్దావిడ, అరవై పైన ఉంటాయి, ఆటో దిగి మెట్ల దగ్గరికి వచ్చి, కార్డు ఒక చేత్తో, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన చీటీ ఇంకో చేత్తో చూపించింది. ఆమె భర్త ఇచ్చి వెళ్ళిన వాచీ. ఇచ్చిన నెలలోనే ఆయన పోయాడట. చీటీ ఆయన చొక్కా జేబులో దొరికితే దాచింది గానీ, అది ఏ కొట్టుదో తెలియలేదు. పైన ఉండాల్సిన కొట్టు పేరు చెమటకి చెరిగిపోయింది. సొమ్ము మాత్రం స్పష్టంగా ఉంది. రూ. 18.

"ఇందులో పద్దెనిమిదని రాశారు. ఇప్పుడు ఇంకో రేటు చెబితే నేనివ్వను" అంది, కూర్చోకముందే.

పెదనాన్న మొహం ఎర్రబడింది. "చీటీ మీద రాసినదానికన్నా పైసా ఎక్కువ తీసుకున్నానని ఈ ఊళ్ళో ఎవరినైనా చెప్పమనమ్మా" అన్నాడు.

సొరుగులోంచి వాచీ తీశాడు. దారం విప్పి, చీటీ నంబరూ దీని నంబరూ కంటి గ్లాసు పెట్టి సరిచూశాడు. కీ ఇచ్చాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, చెవి సరిగా వినపడక నా చెవి దగ్గర పెట్టాడు. తల ఊపాను. టైమెంతరా అంటే నేను అలవాటుగా ఫోను తీశాను. దాని వంక చూడనైనా చూడకుండా గోడ గడియారం చూసి ముళ్ళు తిప్పాడు. పాత గుడ్డతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూసుకోలేదు. పిడికిలి మూసి, ఇంకో చేత్తో జాకెట్లోంచి చిన్న పర్సు తీసి ఇరవై రూపాయల నోటు ఇచ్చింది.

రెండు రూపాయల చిల్లర కోసం పెదనాన్న సొరుగులన్నీ లాగాడు. హోమియోపతి సీసాల పెట్టెలు కూడా పక్కకి జరిపాడు. నేను జేబులోంచి నాణెం తీసి ఇవ్వబోతే చేతి మీద ఒక్కటి వేశాడు. ఆవిడ "పోన్లెండి బాబాయి గారూ, ఉంచండి" అంటూనే ఉంది. చివరికి కేలెండరు వెనక గోడ గూట్లో రెండు రూపాయి బిళ్ళలు దొరికాయి. తుడిచి ఇచ్చి, ఆవిడ చేతిలోంచి చీటీ తీసుకుని, కవరు ఆవిడకే తిరిగిచ్చేసి, చీటీని గోడకున్న తీగకి గుచ్చాడు.